అక్షరాలు చెదిరిన కీబోర్డు

ఆ వేసవిలో మా ఇంట్లో పాడైంది ఒక కీబోర్డు అని అందరికీ చెప్పుకున్నాం. అడిగినవాళ్ళకీ అదే, అడగనివాళ్ళకీ అదే. టీ ఒలికింది, తడి లోపలికి దిగింది, ఇంకేం చేస్తాం అని. ఆ మాట ఎంత చక్కగా అతికిందంటే కొన్నాళ్ళు మేమూ నమ్మేశాం.

మా ఇల్లు కోర్టు ఎదురు వీధిలో. ముందు గది షాపు, వెనక రెండు గదుల్లో మేము. షాపుకి బోర్డు ఉంది కానీ దాని మీద ఏం రాసుందో ఎవరూ చదవరు. వీధి మొత్తానికీ అది మాస్టారి షాపు. మాస్టారంటే మా నాన్న. ఒకప్పుడు అదే గదిలో టైపు నేర్పేవాడు. మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాక నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయి, కొట్టించుకునేవాళ్ళు మిగిలారు. పిటిషన్లు, అఫిడవిట్లు, వాయిదా అర్జీలు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు. కిటికీ పక్కది నాన్నది, గుమ్మం పక్కది నాది.

నాన్నకి ఒక పంతం ఉండేది. కీల మీద అక్షరాలు చూసి కొట్టేవాణ్ణి ఆయన టైపిస్టుగా లెక్కలోకే తీసుకునేవాడు కాదు. పాత మిషన్ల కాలంలో కీల మీద కాగితం ముక్కలు అంటించి నేర్పేవాడు. కంప్యూటర్లు వచ్చాక ఇంకాస్త ముదిరాడు. కొత్త కీబోర్డు కొన్న రోజే కీలన్నీ పీకి, అక్షరాలు కలగాపులగం చేసి మళ్ళీ బిగించేవాడు. అందులోనూ ఒక పద్ధతి ఉంది. ఏ వరస కీలు ఆ వరసలోనే ఉండాలి. ఒక్కో వరసకీ వాలు వేరు, కలిపేస్తే వేళ్ళకి ఎత్తుపల్లాలు తగులుతాయి. చూపుడు వేళ్ళ కింద చిన్న గీత ఉండే కీలు రెండుంటాయి, వాటిని మాత్రం చచ్చినా కదపకూడదు. "అవి గుమ్మాలే. ఇంట్లో సామాను ఎటైనా జరుపుకో. గుమ్మం జరపకు" అనేవాడు.

ఒకసారి, కాగితాలన్నీ మా దగ్గరే కొట్టించుకునే ప్లీడరు గారి గుమాస్తా, మేము భోజనాల దగ్గర ఉన్నాం కదా అని, తనే కూర్చుని ఒక వాయిదా అర్జీ కొట్టబోయాడు. కాసేపటికి స్క్రీను మీద ఉన్నది ఏ భాషో పోల్చుకోలేక, "మాస్టారూ, దీనికేదో పురుగు పట్టింది!" అని కేక పెట్టాడు. నాన్న కంచం ముందు కూర్చునే పడీ పడీ నవ్వాడు. ఆ గుమాస్తా మళ్ళీ మా కుర్చీ జోలికి రాలేదు.

అలాంటి ఇంట్లో పెరిగాను కాబట్టి ఏ అక్షరం ఎక్కడుంటుందో నా కళ్ళకి తెలియదు, వేళ్ళకే తెలుసు. అమ్మకీ అంతే, ఆవిడా నాన్న దగ్గర నేర్చుకున్నదే. ఇక ప్లీడరు గారు. ఆయన వాకిట్లో అటూ ఇటూ నడుస్తూ, కళ్ళు సగం మూసుకుని చెబుతుంటే నాన్న ఆ మాటల వెంటే కొట్టుకుంటూ పోయేవాడు. ప్రింటు చేతికి రాగానే ఆయన చదవకుండా సంతకం పెట్టేసేవాడు. వీధిలో వేరే ప్లీడర్లు వేళాకోళం చేస్తే, "మాస్టారు కొట్టింది చదవడమంటే నమ్మకం లేదని ఆయన మొహం మీద అన్నట్టే" అనేవాడు. ఆ మాట నాన్న చెవిన పడ్డప్పుడల్లా ఏమీ విననట్టు ప్రింటరులో కాగితాలు సర్దుతూ ఉండేవాడు. ఆయనకి ఉన్న గర్వమంతా అదే. వేరే ఏ గర్వమూ నేను చూడలేదు.

ఆ ఏడాది ఎండలు నిప్పులు చెరిగాయి. కోర్టుకి వేసవి సెలవులు రాబోతున్నాయి. సెలవులకి ముందు మా వీధిలో ఎవరికీ కాలు నిలవదు, ఎవరి పని వాళ్ళకి కొంప మునిగే పనే. ఆ రద్దీలో ఒకరోజు పొద్దున టీ ఒలికింది.

నాన్న టీ గ్లాసు కిటికీ గూట్లో పెడతాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అక్కడే. ఆ రోజు గ్లాసు తీసుకెళ్ళి కీబోర్డు మీద పెట్టాడు. పక్కన కూడా కాదు, సరిగ్గా కీల మీద, అదేదో బల్ల అయినట్టు. గ్లాసు వాలిపోయింది.

"ఏంటి నాన్నా, చూసుకోవద్దూ!" అని నేను ఒక్క ఉదుటున లేచి వైరు పీకేసి, కీబోర్డు బోర్లా తిప్పాను. టీ ధారగా నేల మీద పడింది. నాన్న ఆ ధార వంక, అది వేరే ఎవరో ఒలకబోసినట్టు చూస్తూ నిలబడ్డాడు.

"తుడిస్తే సరిపోతుంది" అన్నాడు చివరికి. "కీలు పీకకు. కొత్తది, క్లిప్పులు విరుగుతాయి."

"పంచదార టీ నాన్నా. పీకకపోతే రేపటికి జిగురు పట్టి ఒక్కటీ లేవదు."

"గుడ్డతో తుడువు చాలు" అని మళ్ళీ చెప్పి, కోర్టులో కాగితాలు తెచ్చేదుందంటూ వెళ్ళిపోయాడు. నాకు వింతగానే అనిపించింది. కీలు పీకడమంటే ఆయనకి సరదా. ఈ కీబోర్డు చలికాలంలో కొన్నప్పుడు కూడా ఆ మాటే అని, అక్షరాలు కలపకుండా వదిలేశాడు. వయసు మీద పడ్డాక పంతాలు సడలుతాయేమో అని నవ్వుకుని ఊరుకున్నాను.

అమ్మ వంటకి వాడే పాత గిన్నెలో సబ్బునీళ్ళు కలిపి, చెంచా కాడతో ఒక్కో కీ లేపి అందులో పడేశాను. కొని కొన్ని నెలలే అయినా కీల కింద ఎంత చెత్తని! వెంట్రుకలు, కాగితం పొడి, బిస్కెట్ ముక్కలు, ఒక పిన్ను. "ఆ గిన్నెలో మళ్ళీ నేను వండాలా?" అని అమ్మ వెనక నుంచి అరుస్తూనే ఉంది. అడుగు రేకునంతా బ్రష్షుతో దులిపి, స్పిరిట్‌లో ముంచిన దూదితో జిగురు పోయేదాకా తుడిచాను. కీలని గుడ్డ మీద నీడలో ఆరబెట్టాను, ఎండలో పెడితే ప్లాస్టిక్ వంకర పోతుంది. ఆరాక బిగించేటప్పుడు ఉత్సాహం వచ్చింది. ఎలాగూ పీకాను కదా, మన పద్ధతిలోనే పెడదామని, ఏ వరసకా వరస అక్షరాలు ఎడాపెడా కలిపేశాను. గీతల కీలు రెండూ వాటి చోటే ఉంచాను. నాన్న చూసి మురిసిపోతాడనుకున్నాను.

సాయంత్రం ఆయన వచ్చేసరికి కీబోర్డు బల్ల మీద తళతళలాడుతోంది. నాన్న కుర్చీలో కూర్చుని దాని వంక చూశాడు. చాలాసేపు చూశాడు.

"కలిపేశావా?"

"మన పద్ధతేగా. గుమ్మాలు జరపలేదులే."

"ఊఁ" అన్నాడు.

నేను నా పనిలో పడ్డాను. ఆయన వైపు నుంచి చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత ఒక కీ చప్పుడు, కాస్త ఆగి ఇంకొకటి. మళ్ళీ ఏమీ లేదు.

"ఇది పాడైపోయిందే. ఒకటి కొడితే ఒకటి పడుతోంది."

టీ లోపలి పొరలోకి దిగి ఉంటుందనుకున్నాను. మర్నాడు మరలు విప్పి, లోపలి రబ్బరూ పల్చటి ప్లాస్టిక్ రేకులూ విడదీసి, మళ్ళీ తుడిచి, మళ్ళీ ఆరబెట్టి బిగించాను. నాన్న కూర్చున్నాడు. మళ్ళీ అదే మాట, ఒకటి కొడితే ఒకటి. ఈ లోపు పనంతా నా మీదే పడింది. కాగితాలు గుట్టలుగా పేరుకున్నాయి. నాకు విసుగొచ్చింది.

"పోనీ నా కీబోర్డు తీసుకో నాన్నా, నేను ఇంకోటి తెప్పించుకుంటా."

ఆయన నా కీబోర్డు వంక చూశాడు. అది ఏళ్ళ కిందటిది, ఆయనే అక్షరాలు కలిపి ఇచ్చింది. "వద్దు. నీ చేతికి అలవాటైంది" అన్నాడు.

"అయితే దీని సంగతేంటో చూద్దాం" అని, పాడైందన్న కీబోర్డు పట్టుకొచ్చి నా కంప్యూటరుకి తగిలించాను. ప్రతి పిటిషన్లోనూ ముందొచ్చే నాలుగు లైన్లుంటాయి, నిద్రలో లేపి అడిగినా నా వేళ్ళు చెబుతాయి. అవే కొట్టాను. ఒక్క అక్షరం కూడా పొల్లు పోలేదు.

"బ్రహ్మాండంగా ఉంది నాన్నా, చూడు, ఒక్క తప్పూ..." అంటూ పక్కకి తిరిగాను.

నాన్న స్క్రీను వైపు చూడటం లేదు. వంగి నా చేతుల వంక చూస్తున్నాడు. నా వేలు ఏ కీ మీద పడితే ఆ కీ మీద రాసి ఉన్న అక్షరాన్ని లోపల్లోపల చదువుకుంటున్నాడు, పెదవులు కదులుతున్నాయి. నేను చూశానని ఆయన గమనించాడు. నిటారుగా నిలబడి చొక్కా సర్దుకున్నాడు.

"అయితే నా కంప్యూటరుదే తేడా అయ్యుంటుంది" అన్నాడు.

"అయ్యుంటుంది" అన్నాను.

ఏదో ఒకటి అనాలి కాబట్టి ప్రింటరులో కాగితాలు అయిపోయాయన్నాను. ఆయన కాగితాలు తేవడానికి బయటికి వెళ్ళాడు. నేను లేచి వెనక గదిలోకి వెళ్ళాను. అమ్మ మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతోంది.

"అమ్మా, నాన్న..."

"తెలుసు" అంది తల ఎత్తకుండానే.

"ఏం తెలుసు?"

"ఆ చప్పుడు చలికాలం నుంచే మారిందే. ఇదివరకు ఇక్కడ కూర్చుంటే వాన పడుతున్నట్టుండేది. ఇప్పుడు కొళాయి కట్టేశాక చుక్క చుక్క పడ్డట్టుంది. నాకేం చెవులు లేవనుకున్నారా మీరిద్దరూ?"

"మరి చెప్పలేదేం?"

"ఏమని చెప్పను?" చేతిలో ఉన్న నాన్న చొక్కా మడత విప్పేసి మళ్ళీ మడత పెట్టింది. "మొన్న కూరగాయలకని వెళ్ళి, దారి తప్పి, ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొస్తే వచ్చారు. ఆ తీసుకొచ్చినతను చెబితే తెలిసింది. ఆయనే నాకు చెప్పలేదు. ఆయన దాచుకున్నది నేనెలా బయటపెట్టను? నీకు కళ్ళున్నాయిగా. స్క్రీను మీంచి ఒకసారి ఎత్తితే నీకూ కనపడేది."

కోపంగానే అంది. ఆ కోపం నా మీద కాదని నాకు తెలుసు. అయినా ముల్లులా దిగింది.

షాపులోకి వచ్చి కీబోర్డు ముందు వేసుకుని కీలన్నీ పీకడం మొదలుపెట్టాను, ఈసారి అక్షరాలు సరైన చోట పెట్టడానికి. అప్పుడు తెలిసింది, సరైన చోటేదో నాకు తెలియదని. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కొడుతున్న మనిషిని, ఫలానా అక్షరం ఎక్కడుంటుందంటే చెప్పలేను. కళ్ళు మూసుకుని, ఉత్త బల్ల మీద వేళ్ళు ఆడించి, ఒక్కో అక్షరం గురించీ వాటినే అడగాల్సి వచ్చింది. అలా అడుగుతుండగా నాన్న కాగితాల కట్టతో వచ్చాడు. నేను చేస్తున్నది చూశాడు.

"ఏం చేస్తున్నావ్?"

"ఏం లేదు. అక్షరాలు వాటి చోట ఉంటే ఎవరికైనా పనికొస్తుందని..."

నా అబద్ధం నా చెవులకే బాగోలేదు. ఆయన కట్ట పక్కన పెట్టి, కస్టమర్లు కూర్చునే స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. గుడ్డ మీద పోసిన కీలలోంచి నాకు కావాల్సిన అక్షరం వెతికి, ఒక్కొక్కటే అందించడం మొదలుపెట్టాడు. రెండో వరస సగంలో ఉండగా అన్నాడు.

"వేళ్ళకి చెబుతూనే ఉన్నానే. వినడం లేదు."

"ఎప్పటి నుంచి నాన్నా?"

"ముందు కుడిచెయ్యి. తిమ్మిరేమో అనుకున్నా. అక్షరం మనసులో ఉంటుంది. చెయ్యి ఎటు వెళ్ళాలో చేతికి తెలియదు. చూస్తే తెలుస్తుంది. అందుకే..." ఆగిపోయాడు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు కీల వంక చూస్తే వేళ్ళ మీద స్కేలుతో కొట్టిన మనిషి.

"డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"సెలవులు ఇవ్వనీ. ఈ రద్దీ అయిపోనీ." ఇంకో కీ అందించి, దాన్ని వదలకుండా పట్టుకునే ఉన్నాడు. "ప్లీడరు గారికి మాత్రం చెప్పకు."

చెప్పనన్నాను.

సెలవులకి ముందు ఆఖరి రోజు మధ్యాహ్నం ప్లీడరు గారు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. వెనకాలే ఒక సన్నటి ఆవిడ. పక్క వీధిలో ఒకే గదిలో ఉంటూ, అందులోనే బట్టలు కుట్టుకుని బతుకుతుంది. అందరూ ఆవిడని మిషనామె అంటారు. ఇంటి యజమాని గది ఖాళీ చేయమంటున్నాడు. కోర్టు మూసెయ్యగానే కుట్టుమిషను తీసుకెళ్ళి రోడ్డు మీద పెడతానని నలుగురిలో అన్నాడట. సెలవుల్లో అడిగే దిక్కుండదని వాడి ధైర్యం. ఆ సాయంత్రం కౌంటరు మూసేలోగా పిటిషను పడాలి. తీర్పు వచ్చేదాకా ఆమె జోలికి వెళ్ళకుండా ఆపమని అందులో అడగాలి.

"మాస్టారూ, ఇది మీరే కూర్చోవాలి" అన్నాడు ప్లీడరు గారు. "ఈ మధ్య అన్నీ అమ్మాయి చేతే కొట్టిస్తున్నారు. మా మీద అలకా ఏంటి?"

"నేను కొడతానండీ" అన్నాను. "నాన్నకి భుజం నొప్పి."

"నొప్పేం లేదు" అన్నాడు నాన్న. వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.

మిషనామె గుమ్మం దగ్గరే నిలబడి ఆయన చేతుల వంక చూస్తోంది. "మీరు కొడితే నాకు భయం లేదు మాస్టారూ" అంది. "మీ చేత్తో పడ్డ కాగితం వెనక్కి రాదంటారు."

ప్లీడరు గారు వాకిట్లోకి వెళ్ళి, మామూలుగా నడుస్తూ, కళ్ళు సగం మూసుకుని చెప్పడం మొదలుపెట్టాడు. నేను నా పనిలో ఉన్నట్టు నటిస్తూ నాన్న వైపు చెవి ఒగ్గి కూర్చున్నాను. మొదట్లో ఫరవాలేదు. తల వంచి, చూసుకుంటూ, వెతుక్కుంటూ, మాటల వెనకాల పడి వెళుతున్నాడు. తర్వాత వెనకబడ్డాడు. ప్లీడరు గారు ఒక పేరాలో ఉంటే ఈయన దాని ముందు పేరాలో ఉన్నాడు. చెమట ముక్కు మీంచి జారి కీల మీద పడింది. ఆపమని అడగడానికి ఆయనకి నోరు రాలేదు. ఎప్పుడూ అడిగి ఎరగడు. నేను లేచి వెళ్ళి ఆ చేతులు పట్టుకుని పక్కకి లాగేద్దామా అనుకున్నాను. ఆమె ముందు, ప్లీడరు గారి ముందు, నాన్నని అలా చెయ్యడానికి నాకు చేతులు రాలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన పేరా ఆఖరుది, ఆపమని అడిగేది. ప్లీడరు గారు అది గట్టిగా, నొక్కి చెప్పి "అంతే మాస్టారూ!" అన్నాడు. ఆ తర్వాత నాన్న కీలు ఇంకో నాలుగైదు మాటలంత సేపు మోగి ఆగిపోయాయి. ఆ పేరా అందులో పట్టదని ఆ చప్పుడుని బట్టే నాకు తెలిసిపోయింది.

ప్రింటు వచ్చింది. ప్లీడరు గారు కాగితాలు తీసుకుని, ప్రింటరు మూత మీద పెట్టి, జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాడు. చదవండి అంటే నాన్న అన్నేళ్ళ పరువూ ఒక్క మాటతో ఊడ్చుకుపోతుంది. అనకపోతే ఆమె మిషను రోడ్డు మీదికొస్తుంది. అనాల్సిందే. లేచి నిలబడ్డాను.

"ప్లీడరు గారూ."

ఆ మాట అన్నది నేను కాదు, నాన్న.

"ఒకసారి చదివి పెట్టండి సంతకం."

పెన్ను కాగితం మీద ఆగిపోయింది. "ఏంటి మాస్టారూ, కొత్తగా?" అని ప్లీడరు గారు నవ్వాడు.

నాన్న నవ్వలేదు. "చదవండి. ఇక మీదట అన్నీ చదవండి" అన్నాడు.

ప్లీడరు గారి నవ్వు మెల్లగా పోయింది. కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకుని, నిలబడే చదవడం మొదలుపెట్టాడు. ఆయన మా షాపులో కళ్ళజోడు పెట్టుకోవడం నేను అంతకుముందు చూడలేదు. పేజీ తిప్పాడు. మళ్ళీ వెనక్కి తిప్పాడు. ఆఖరి పేజీ దగ్గర చాలాసేపు ఆగాడు.

"ఇందులో..." అని, నాన్న మొహం చూసి గొంతు తగ్గించాడు. "ఒక్క పేరా కలపాలి. అంతే."

"ఏమైందండీ? ఏమైనా తప్పా?" అంది మిషనామె.

"ఏం లేదమ్మా, చిన్న పని" అన్నాడు నాన్న. కుర్చీలోంచి లేచి, దాన్ని నా వైపు తిప్పాడు. "రా" అన్నాడు.

నేను ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. ఇంకా వెచ్చగా ఉంది. నాన్న కస్టమర్ల స్టూలు మీద కూర్చుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. ప్లీడరు గారు వాకిట్లోకి వెళ్ళలేదు, నా వెనకే నిలబడి నిదానంగా చెప్పాడు. కొట్టాను. మొత్తం చదివాడు. అప్పుడు సంతకం పెట్టి, ఆమెని వెంటబెట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు.

కౌంటరు మూసేలోగా కాగితం పడింది. ఆ సాయంత్రమే ఆర్డరు కూడా వచ్చింది. మిషనామె గది నిలబడింది. ఆ కబురు చెప్పడానికి గుమాస్తా వచ్చేసరికి నాన్న వీధిలోకి చూస్తూ కూర్చుని ఉన్నాడు. "మంచిది" అన్నాడు.

సెలవుల్లో డాక్టరు దగ్గరికి వెళ్ళాం. తలకి ఏవేవో పరీక్షలు చేయించారు. చిన్నవయసు డాక్టరమ్మ, నాన్న వివరాలన్నీ అడుగుతూ రెండు వేళ్ళతో, కీల వంక చూసుకుంటూ కంప్యూటరులో ఎక్కించుకుంది. నాన్న నా చెవి దగ్గరికి వంగి "చూసి కొడుతోందే" అన్నాడు. మేమిద్దరం నవ్వు ఆపుకోలేకపోయాం. డాక్టరమ్మ ఎందుకో అర్థంకాక చూసింది. తర్వాత చెప్పాల్సింది చెప్పింది. దానికో పేరుంది. మందులు వాడితే కాస్త నెమ్మదించవచ్చు. పోయింది మాత్రం తిరిగి రాదు.

"ఎంత వరకూ పోతుందమ్మా?" అని అడిగింది అమ్మ.

"ఇప్పుడే చెప్పలేమండీ. ముందు చేతికి బాగా అలవాటైన పనులు పోతున్నాయి. తర్వాత..." అని ఆగింది. నాన్న అక్కడే కూర్చుని ఉన్నాడని గుర్తొచ్చినట్టుంది.

ఇంటికొచ్చాక అమ్మ వెనక గది తలుపేసుకుని ఏడ్చింది. నేను షాపులో కూర్చుని ఏడ్చాను. నాన్న మా ఇద్దరి మధ్యా ఏం చేయాలో తోచక, అటు వెళ్ళి తలుపు ముందు నిలబడీ, ఇటు వచ్చి నా పక్కన నిలబడీ తిరిగాడు.

వీధి ఖాళీ అయిపోయింది. ఎండకి కుక్కలు కూడా బయటికి రాలేదు. ఊరికే కూర్చోవడం ఆయనకి చేతకాదు, పని చేతకావడం లేదు. ఏం ఇవ్వాలో తెలియక నేను ఆ టీ పడ్డ కీబోర్డునే ఆయన చేతిలో పెట్టాను. "ఇంకా జిగురుంది నాన్నా, శుభ్రం చేసి పెట్టవా?" అన్నాను. జిగురేం లేదు. రోజూ కీలు పీకి, సబ్బునీళ్ళలో వేసి, ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి మళ్ళీ బిగించేవాడు. మొదట్లో అక్షరాలన్నీ వాటి చోటే పడేవి. పక్కన అటక మీంచి వెతికి తీసిన నా పాత కంప్యూటరు పుస్తకంలో కీబోర్డు బొమ్మ తెరిచి పెట్టుకుని, దాన్ని చూసి పెట్టేవాడు. కొన్నాళ్ళకి బొమ్మ తలకిందులుగా ఉన్నా గమనించేవాడు కాదు. అప్పుడు నేనే దాన్ని తీసేసి దాచేశాను. అమ్మ ఆ గిన్నె గురించి మళ్ళీ ఒక్క మాట అనలేదు.

వానలు మొదలయ్యాక కోర్టు తెరిచారు. ప్లీడరు గారు వచ్చాడు, ముందు నాన్న దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి పలకరించాడు. ఆ తర్వాత నేను కొట్టింది తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి మాట నుంచి ఆఖరి మాట దాకా చదివాడు. తప్పులేం దొరకలేదు. అయినా నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన తప్పేమీ లేదు, చదవమన్నది నాన్నే. కానీ మా షాపుకి ఇక ఆ గర్వం లేదు.

మిషనామె కూడా వచ్చింది. కీబోర్డు మీద కప్పడానికి ఒక గుడ్డ తొడుగు కుట్టుకొచ్చింది, కొలత చూడకుండా కంటిచూపుతోనే కుట్టినా సరిగ్గా సరిపోయేలా ఉంది. "మళ్ళీ టీ పడకుండా మాస్టారూ" అని ఆయన చేతిలో పెట్టింది. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చక్కగా మడత పెట్టి, జేబులో పెట్టుకున్నాడు. ఆమె నా వంక చూసింది. కొంగు తల మీద కప్పుకుని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం వాన జోరుగా పడుతోంది. ప్లీడరు గారు ఇంకో కేసు కాగితాల కోసం బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నాన్న స్టూలు మీంచి లేచి, శుభ్రం చేసిన కీబోర్డు తెచ్చి నా ముందు పెట్టాడు.

"అయిపోయింది" అన్నాడు.

చూశాను. అక్షరాలన్నీ చెదిరిపోయి ఉన్నాయి. ఒక్కటీ దాని చోట లేదు. నా ప్రాణం లేచి వచ్చింది. పాత నాన్న, పాత పంతం, నన్ను ఆటపట్టించడానికి మళ్ళీ కలిపేశాడనుకున్నాను. నవ్వుతూ కీబోర్డు దగ్గరికి లాక్కుని చేతులు పెట్టాను. చూపుడు వేళ్ళ కింద గీతలు తగల్లేదు. వేళ్ళు జరిపితే ఒక కీ ఎత్తు, ఒక కీ పల్లం. వరసలు కూడా కలిసిపోయాయి. గుమ్మాలు ఎక్కడికో జరిగిపోయాయి.

నాన్న నా పక్కన వంగి నిలబడ్డాడు. పరీక్ష రాసి వచ్చిన పిల్లాడి మొహం.

"సరిగ్గానే పెట్టానా?"

నేను వైరు తగిలించి, స్క్రీను వంక మాత్రమే చూస్తూ, పిటిషన్లలో ముందొచ్చే ఆ నాలుగు లైన్లూ కొట్టాను. ఒక్క తప్పు లేకుండా పడ్డాయి.

"సరిగ్గానే పెట్టావు నాన్నా" అన్నాను.

ఆయన స్క్రీను వంక చూశాడు. తర్వాత కీల వంక చూశాడు. మళ్ళీ స్క్రీను వంక చూశాడు. నా వేలు పడిన చోట ఏ అక్షరం రాసుందో, పైన ఏ అక్షరం పడిందో ఆయన పోల్చుకోలేకపోవాలని నేను ప్రాణాలు ఉగ్గబట్టుకుని కోరుకున్నాను. అలాంటి కోరిక ఏ కూతురూ కోరుకోకూడదు.

ఆయన పోల్చుకోలేదు. "బావుంది" అని తల ఊపి, స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.